ఫ్రెంచి కుందేలుతో విశాఖ ప్రయాణం

సికింద్రాబాద్‌లో పొద్దున్నే ఎక్కితే చీకటి పడే వేళకి విశాఖపట్నంలో దింపే రైలు ఒకటుంది. రాత్రి రైళ్ళు చాలానే ఉన్నా కావాలని ఈ పగటి రైలుకే టికెట్ తీసుకున్నాను. మా ఆయన సింహాచలం ఉన్నప్పుడు ఎప్పుడూ ఇందులోనే వెళ్ళేవాళ్ళం. నిద్రపోయి లేచేసరికి ఊరొచ్చేస్తే ఊరెళ్ళినట్టే ఉండదనేవాడు. పోయిన ఏడు వానాకాలంలో గుండె ఆగి పోయాడు. ఆ తరవాత నేను ఆ ఊరు వెళ్ళడం ఇదే మొదటిసారి.

ఈ ప్రయాణం ఎందుకో ముందే చెప్పాలి. మేమిద్దరం కలిసి ఫ్రెంచి నవలలు ఇంగ్లీషులోకి అనువాదం చేసేవాళ్ళం. నాది గుంటూరు వైపు. విశాఖలో యూనివర్సిటీలో చదువుకుంటూ, సాయంత్రాలు బీచ్ రోడ్డు దగ్గర ఒక మేడ మీద ఫ్రెంచి క్లాసుకి వెళ్ళేదాన్ని. సింహాచలం అక్కడే పరిచయం. అతనికి అప్పట్లో పోర్టులోకి వచ్చే ఓడలకి బియ్యం, కూరగాయలు, సబ్బులు, సిగరెట్లు చేర్చే పని. ఆఫ్రికా నుంచి వచ్చే నావికుల్లో కొందరు ఫ్రెంచి తప్ప మాట్లాడరని నేర్చుకోవడానికొచ్చి, క్రియాపదాలు మొదలవగానే మానేశాడు. క్లాసు మానేశాడు గానీ మేడ కింద నిలబడ్డం మానలేదు. అలా మా పెళ్ళయింది. నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తే నాతో వచ్చేశాడు.

నా ఫ్రెంచి పుస్తకాల్లో నేర్చుకున్నది. అతని ఇంగ్లీషు ఓడల డెక్కుల మీద, రకరకాల దేశాలవాళ్ళ నోటి నుంచి నేర్చుకున్నది. నవలలో వీధిభాష వచ్చినప్పుడల్లా నేను దాన్ని మా గుంటూరు తెలుగులో విడమరిచి చెప్పేదాన్ని. అతను తన ఉత్తరాంధ్ర తెలుగులోకి తిప్పుకుని ఒకసారి నవ్వుకుని, అప్పుడు ఇంగ్లీషులో అనేవాడు. ఫ్రెంచివాళ్ళు అబద్ధాలు చెప్పేవాణ్ణి సలాడ్లు చెప్తున్నాడంటారు. నేను "స్పిన్నింగ్ యార్న్స్" అని రాసుకుంటే, అతను "ఓహో, కోతలు కోసేత్తన్నాడా" అని, ఒక్క నిమిషం ఆలోచించి, "అలాంటోడికి ఓడ మీద ఎవడైనా పుల్ ది అదర్ వన్ అంటాడు" అన్నాడు, నీ కోతలు నా దగ్గర కాదని. అదే అచ్చయింది. ఫ్రెంచి కుర్రాళ్ళు మాటల్ని అక్షరాలు తిరగేసి వాడతారు. అనుమానంగా ఉన్నదాన్ని లూష్ అనకుండా షెలూ అంటారు. ఇంగ్లీషులో తిరగేస్తే ఎవరికీ అర్థం కాదు. దానికి అతను "ఏదో కంపు కొడతంది" అని, "ఫిషీ" అని ఊరుకున్నాడు. అది తిరగేసిన మాట కాదు, కానీ ఆ కుర్రాడు ఇంగ్లీషులో పుట్టుంటే అదే అనేవాడు.

అతను పోయాక, మేం అంతకుముందు అనువదించిన ఒక రచయిత్రిదే కొత్త నవల వచ్చింది. చివరి అధ్యాయంలో ఓడెట్ అనే ముసలావిడ భర్తను మట్టి చేసిన మర్నాడు, ఇద్దరూ వారం వారం కలుసుకునే కాఫీ హోటల్‌కి ఒక్కతే వెళ్తుంది. అయ్యగారేరీ అని సర్వర్ అడుగుతాడు. ఆవిడ, "ఇల్ మా పోజే అఁ లాపాఁ" అంటుంది. మాటకి మాట చెప్పుకుంటే, నాకో కుందేలు పెట్టాడు అని. వస్తానని చెప్పి రాకుండా పోయినవాణ్ణి ఫ్రెంచివాళ్ళు అలా అంటారు. నేను "హి స్టుడ్ మీ అప్" అని రాశాను. లండన్‌లో మా పుస్తకాలు వేసే చిన్న సంస్థలో ఎడిటర్ అమ్మాయి చదివి మర్యాదగానే ఫోన్ చేసింది. ఫ్రెంచిలో అక్కడ నవ్వొచ్చి వెంటనే ఏడుపొస్తోందట. నా ఇంగ్లీషులో ఆయన రాలేదన్న సమాచారం ఒక్కటే ఉందట. ఇంకా కొన్నాళ్ళు చూద్దామంది. కుదరకపోతే వేరేవాళ్ళకి ఇస్తామని అనలేదు, నాకే అర్థమైంది.

ఇంట్లో కూర్చుంటే ఆ వాక్యం కదల్లేదు. సింహాచలం మాట వినాలనిపించింది. ఆ మాట ఇంకా మిగిలి ఉన్నది ఒక్క మనిషి దగ్గరే. అతని అక్క అప్పలనర్సమ్మ, మా వదిన. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. అక్కని అతను అప్పా అని పిలిచేవాడు. తండ్రి పోర్టులో ఓడల్ని లాగే టగ్ బోటు మీద పని చేస్తూ నాలుగేసి రోజులు ఇంటికి వచ్చేవాడు కాదట. అందుకే అతను మాట్లాడితే ఆవిడ మాట్లాడినట్టుండేది. దినకర్మలయ్యాక ఆవిడ నాతో ఫోన్లో రెండు ముక్కలకి మించి మాట్లాడలేదు. వస్తున్నానంటే, "ఇంటికాడే ఉంతాను, రా" అని పెట్టేసింది.

విజయవాడ దాకా కంపార్ట్‌మెంట్ ఖాళీగా ఉంది. పొద్దున్న ఇడ్లీలు చల్లారిపోయి వచ్చాయి. ఈ రైల్లో వెళ్ళేవాళ్ళు టిఫిన్ ఇంటి నుంచి తెచ్చుకోవడం మంచిది. మధ్యాహ్నం గుడ్డు బిర్యానీ మాత్రం వేడిగా ఉంటుంది. గోదావరి వంతెన మీద అందరూ ఫోన్లు పైకెత్తారు. సింహాచలం గోదాట్లో వెయ్యడానికి చిల్లర పైసలు తీసేవాడు. తలకి చేతి రుమాలు కట్టుకున్న ఒక పెద్దాయన రాజమండ్రిలో ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. అనకాపల్లిలో బెల్లం వ్యాపారమట. ఒళ్ళో కాగితాలు చూసి ఏం చదువుతున్నారని అడిగితే, ఫ్రెంచి నవల ఇంగ్లీషులోకి మారుస్తున్నానని చెప్పాను.

"పరాసు బాస ఇంగిలీసులోకా? మరి మద్దిలో మన తెలుగెందుకమ్మా?" అన్నాడాయన, కాగితం అంచున నేను రాసుకున్న మాటలు చూపించి.

తెలుగు మీదుగా వెళ్తేనే నాకు దారి తెలుస్తుందని చెప్పాను. ఆయన తల ఊపాడు. అనకాపల్లిలో దిగేటప్పుడు బెల్లం ముక్క ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఏడు దాటాక విశాఖలో దిగాను. స్టేషన్ బయట ఉప్పుగాలి తగలగానే సింహాచలం సంచీ కింద పెట్టి రెండు చేతులూ నడుం మీద వేసుకుని నిలబడేవాడు. నేను నిలబడలేదు, వెంటనే ఆటో ఎక్కేశాను. ఆర్టీసీ బస్సుల కాంప్లెక్స్ దగ్గర ఒక లాడ్జిలో దిగాను. గది శుభ్రంగానే ఉంది, కిటికీ బస్సుల వైపు. మా వదిన ఉన్న ఊళ్ళో లాడ్జిలో దిగడం నాకిదే మొదలు. ఇదివరకైతే ఆవిడ ఊరుకునేది కాదు. ఈసారి ఎక్కడ దిగుతావని కూడా అడగలేదు.

మర్నాడు ఎనిమిదింటికి కాంప్లెక్స్‌లో మా వదిన ఉండే పెందుర్తికి బస్సెక్కాను. ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా గంట పైన పడుతుంది. ఒకప్పుడు వేపగుంట దాటితే పొలాలుండేవి. ఇప్పుడు అపార్టుమెంట్లు దారి పొడుగునా వచ్చేశాయి. పెందుర్తిలో దిగి కాలనీలోకి నడిచాను. గేటుకి తాళం ఉంది. కూరలకి వెళ్ళిందేమోనని గేటు బయట అరుగు మీద కూర్చున్నాను. కాసేపటికి పక్కింటావిడ బట్టలు ఆరేయడానికి వచ్చి నన్ను గుర్తుపట్టింది.

"నిన్న సాయంత్రమే తగరపువలస కూతురింటికి ఎల్లిపోనారమ్మా. మీకు సెప్పలేదేటి?" అంది.

చెప్పలేదని చెప్పడానికి సిగ్గేసింది. ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే. ఆవిడ మర్చిపోలేదు. నేను వస్తున్నానని తెలిసే వెళ్ళిపోయింది. బస్సులో తిరిగి వస్తుంటే నాకు ఒకటే ఆలోచన. నువ్వే మా తమ్ముణ్ణి ఊరు దాటించావని ఆవిడ మనసులో ఉందేమో. ఇక్కడే ఉండుంటే, ఈ గాలిలో, తెలిసిన డాక్టర్ల దగ్గర, బతికేవాడేమో. ఆ మాట ఆవిడ ఎప్పుడూ అనలేదు. నేను మాత్రం ఏడాదిగా ఆవిడ గొంతుతో వింటూనే ఉన్నాను. అతని వైపు నాకు మిగిలింది ఈ ఒక్క మనిషి. ఆవిడ కూడా తలుపు వేసేసుకుంటే ఈ ఊరికి నేను మామూలు ప్రయాణికురాలిని అయిపోతాను.

సాయంత్రం బీచ్ రోడ్డుకి వెళ్ళాను. మా ఫ్రెంచి క్లాసు మేడ లేదు. ఆ స్థలంలో అద్దాల హోటల్ ఒకటి వచ్చింది. ఇసుకలో మరమరాలు కలిపి అమ్మే మురీ మిక్చర్ బండ్లు మాత్రం ఉన్నాయి. ఒక పొట్లం కొనుక్కుని గోడ మీద కూర్చున్నాను. పోర్టులో చోటు కోసం ఎదురు చూసే ఓడలు దూరంగా వరసగా ఆగి ఉన్నాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద ఎండ పోతోంది. ఇదే గోడ మీద కూర్చుని సింహాచలం ఓడల రంగులు చూసి ఏ దేశానివో చెప్పేవాడు. సగం కోతలేనని పెళ్ళయ్యాక తెలిసింది. క్లాసులో నేర్చుకున్న ఫ్రెంచి వాక్యం ఏదైనా నేను అప్పజెప్తే, దాన్ని ఓ ఓడకి ఆపాదించి కథ కట్టేవాడు. మూర్ఛపోవడాన్ని ఫ్రెంచివాళ్ళు ఆపిల్ పళ్ళలో పడ్డం అంటారని చెప్పిన రోజున, ఆపిల్ పెట్టెల ఓడలో ఒక వంటవాడు నిజంగానే అలా పడ్డాడని చెప్పి నన్ను నమ్మించాడు. మిక్చర్‌లో ఉల్లిపాయ ఎక్కువై కళ్ళు మండాయి. ఉల్లిపాయ వల్లేనని నాకు నేనే చెప్పుకున్నాను.

తిరిగి వెళ్ళిపోదామనే అనుకున్నాను. మూడో రోజు పొద్దున్న దోసె తిని కాంప్లెక్స్‌లోకి వెళ్ళాక కూడా నిర్ణయం కాలేదు. తగరపువలస బస్సు ఎదురుగా నిలబడి ఉంటే ఎక్కేశాను. మధురవాడ, ఆనందపురం దాటి గంటన్నరలో దింపింది. తగరపువలస సెంటర్ పొద్దుటిపూట కూరగాయలు, చేపల బుట్టలు, ఆటోలతో కదలనివ్వదు. మా వదిన కూతురు నాగమణి ఇల్లు మార్కెట్ వెనక వీధిలో. షేరింగ్ ఆటో ఆ మలుపు దాకా వెళ్తుంది.

మా వదిన వీధి అరుగు మీద చాటలో ఎండు నెత్తళ్ళ చేపలు పోసుకుని తలలు తుంచుతోంది. ఆటో ఆగిన చప్పుడుకి తలెత్తింది. నేను దిగడం చూసి మళ్ళీ చాటలోకి వంగిపోయింది. దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ లేచింది. కుడి మోకాలు మడత పడకుండా గోడ పట్టుకుని లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"ఎండలో ఒచ్చినావు. ముందు మంచినీల్లు తాగు. కూకో."

కూర్చున్నాను. నాగమణి డ్యూటీకి వెళ్ళిందట, ఇంట్లో మేమిద్దరమే. ఆవిడ నెత్తళ్ళు తుంచుతుంటే నేనూ చేయి వేశాను. చాట సగం అయ్యాక నేనే అడిగాను, నా మీద కోపమా వదినా అని. సింహాచలాన్ని నేను హైదరాబాద్ తీసుకెళ్ళినందుకు అని కూడా అన్నాను. ఏడాదిగా మోసిన మాట అంత చిన్నగా బయటికొస్తుందనుకోలేదు.

ఆవిడ చెయ్యి ఆగింది.

"నీ మీద కోపమేటి పద్మా. పెల్లైన కాడ్నించీ మీరిద్దరూ ఆటో దిగడమే సూసినాను. ఆడు ముందు దిగి సంచీ పట్టుకుంతాడు, ఎనక నువ్వు దిగుతావు. నువ్వొక్కర్తివీ దిగితే సూడ్డానికి నాకు దయిర్యం సాల్లేదు. అందుకే ఇటొచ్చీసినాను."

నేను దిగడం ఆవిడ ఇప్పుడు చూసేసింది. అది ఇద్దరికీ ఒకేసారి తట్టినట్టుంది. ఆవిడ కొంగుతో నా మొహం తుడిచింది, తరవాత తన మొహం తుడుచుకుంది. అప్పుడు చాలా చెప్పింది. హైదరాబాద్ వెళ్ళింది వాడి ఇష్టమేనని, వెళ్ళేముందు రాత్రి తన దగ్గర కూర్చుని, పద్మ చదువు పక్కన నాకో పని దొరికిందప్పా అని మురిసిపోయాడని చెప్పింది. ఆ సంగతి నాకు తెలియదు.

మధ్యాహ్నం నెత్తళ్ళు, వంకాయ కలిపి ఇగురు పెట్టింది. అన్నాలయ్యాక గచ్చు మీద చాప వేసింది. అప్పుడు అడిగింది, ఇంత దూరం దేనికొచ్చావని. నవల సంగతి చెప్పాను. ఆవిడ ప్రశ్నలన్నీ ఓడెట్ గురించే. ఎన్నేళ్ళ కాపురం, పిల్లలున్నారా, మొగుడు ఇంట్లో పోయాడా ఆసుపత్రిలోనా. తెలిసినవన్నీ చెప్పాను. కుందేలు మాట దగ్గరికొచ్చేసరికి, కుందేలెందుకని అడిగింది. ఎందుకో అందరికీ నచ్చే జవాబు నేనెక్కడా చూడలేదని చెప్పాను. వస్తానని మాటిచ్చి రాకపోతే అలా అంటారంతే, మొగుణ్ణి మట్టి చేసిన మర్నాడు ఆవిడ ఆ మాటంది, అన్నాను.

మా వదిన కుడికాలు చాపి మోకాలి మీద చెయ్యి వేసుకుంది.

"ఆపరేసనుకి దగ్గరుంతానన్నాడు. డాట్రు కాడికి నాను తీసుకెల్తాను, బయపడకప్పా అన్నాడు. ఏటి సేసినాడు? నాకు ఎగనామం ఎట్టీసి ఎల్లిపోనాడు, ఎదవ."

అనేసి తనే నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఎక్కడ నవ్వు ఆగిందో ఎక్కడ ఏడుపు మొదలైందో నాకు తెలియలేదు. నా సంగతీ అంతే అయింది. చాప మీద ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని అలాగే ఉన్నాం. అతను పోయాక అతన్ని ఎవరైనా తిట్టడం నేను వినలేదు. అందరూ మంచివాడు అన్నారు. ఎదవ అన్న మాటతో అతను ఒక్కసారి గుమ్మంలో నిలబడ్డట్టయింది.

కాస్త తేరుకున్నాక ఆ వాక్యం నా చెవిలో మళ్ళీ తిరిగింది. వాళ్ళు కుందేలు పెడతారు, మనం ఎగనామం పెడతాం. అది సరదాగానే ఉంది కానీ నేను వెతుకుతున్నది అది కాదు. మొదటి నుంచీ నేను కుందేలునే పట్టుకుని వేలాడాను. ఆవిడ మాటలో బరువంతా చివర్న ఉంది. ఎట్టీసి ఎల్లిపోనాడు. పెట్టాడు అనొచ్చు, పెట్టేసి వెళ్ళిపోయాడంది. అందులో విసుగుంది, ముద్దుంది, అతను ఇక లేడన్న సంగతి కూడా ఉంది. ఇంగ్లీషువాళ్ళు తమవాళ్ళ మీద అలా విసుక్కునేటప్పుడు ఏమంటారో నాకు తెలుసు. సింహాచలం నోట వందసార్లు విన్నాను. కూర మాడ్చినప్పుడు నన్ను కూడా, యూ హావ్ గాన్ అండ్ బర్న్ట్ ఇట్ అనేవాడు, మాడబెట్టేశావుగా అని.

"హీజ్ గాన్ అండ్ స్టుడ్ మీ అప్" అని పైకి అన్నాను.

గాన్ అన్న మాట ఇంగ్లీషులో పోయినవాడికి కూడా చెల్లుతుంది. మన ఎల్లిపోనాడులాగే. ఫ్రెంచి వాక్యంలో ఆ రెండో అర్థం అసలు లేదు. అయినా ఓడెట్ మనసులో ఉందని నాకనిపించింది.

అదేటని మా వదిన అడిగింది. మీరన్నదేనని చెప్పాను.

"ఇంగిలీసోల్లు కూడా అలగే అంతారా?"

అంటారన్నాను.

"అయితే రాసీ," అని లేచి టీ పెట్టడానికి వెళ్ళింది.

ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. మర్నాడు నాగమణి నన్ను బస్సెక్కించబోతే, మా వదిన కూడా మోకాలు పట్టుకుని సెంటర్ దాకా వచ్చింది. ఎండు నెత్తళ్ళు మూడు కవర్లలో చుట్టి నా సంచీలో అడుగున పెట్టింది. ఆపరేషన్‌కి నేను వచ్చి ఉంటానని చెప్పాను. నమ్మినట్టు తల ఊపింది. లాడ్జి ఖాళీ చేసి స్టేషన్‌కి వెళ్ళాను. తిరుగు ప్రయాణానికి ఆ పగటి రైలు దొరకలేదు. పదకొండింటికి బయల్దేరే ఇంకో బండిలో సైడు సీటు దొరికింది. వాసన ఆపడానికి మూడు కవర్లు చాలలేదు. తుని దాటకముందే ఎదురుగా ఉన్న దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన నెమ్మదిగా, నెత్తళ్ళాండీ అని అడిగాడు. ఔనంటే, మా అమ్మ చేసేదండీ అని మొదలుపెట్టి సామర్లకోట దాకా ఆ వంట సంగతే చెప్పాడు.

విశాఖ చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగేది తక్కువ. కైలాసగిరి ఎక్కలేదు, మ్యూజియాలు చూడలేదు. నాకు తెలిసిన మేడలు పోయాయి, పొలాలు పోయాయి, ఓడల పేర్లు చెప్పే మనిషి పోయాడు. అవన్నీ పోయాక కూడా ఆ ఊళ్ళో బస్సుల్లో, అరుగుల మీద, చేపల బుట్టల దగ్గర జనం మాట్లాడుకుంటూ ఉంటే, ప్రతి మూడో మాటకీ అతను ఎక్కడో పక్క వీధిలో ఉన్నట్టనిపించింది. ఈసారి వెళ్తే లాడ్జిలో దిగను.

రాజమండ్రి వస్తుందనగా మా వదిన ఫోన్ చేసింది. ఎక్కడిదాకా వచ్చావని అడిగింది. పెట్టేస్తుందనుకున్నాను.

"రేత్రి నిద్దర పట్టలేదు పద్మా. ఆ ముసల్దానికి ఆ మొగుడు ఎక్కడ దొరికినాడు? మొదట్నించీ సెప్పు."

కాగితాలు తీసి మొదటి పేజీ పెట్టుకున్నాను. ఫ్రెంచి చూసుకుంటూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ఏలూరు దాటేసరికి ఒక అధ్యాయం అయింది. మధ్యలో ఆవిడ నన్ను రెండు చోట్ల ఆపింది. మొగుడి మీద కోపంగా ఉన్న ఆడది అంత సక్కగా మాటాడదని, ఇలగంటాదని చెప్పింది. నేను అంచున రాసుకున్నాను. బ్యాటరీ అయిపోవస్తోందని చెబితే, సరేనంది.

"రేపు పదకొండింటికి సెయ్యి. అప్పటికి వంటైపోద్ది."